అప్‌డేట్: లోడ్ లేకుండానే ఎక్కువ కరెంటు తీసుకున్న ట్రాన్స్‌ఫార్మర్

ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (లోడ్‌కి కరెంటు ఇచ్చే చుట్ట) తిరిగి చుట్టాక, లోడ్ లేకుండానే ప్రైమరీ (సరఫరాకి కలిపే చుట్ట) కరెంటు 30 మిల్లీ ఆంపియర్ల నుంచి 90కి పెరిగిందని, షార్ట్ టర్న్ (చుట్టలో తీగలు ఒకదానికొకటి తగిలిపోవడం) ఉందేమోనని ఇంతకు ముందు అడిగాను కదా. వైండింగ్‌లో ఏ తప్పూ లేదు. తప్పు నాదే!

కోర్ (చుట్టల లోపలి ఇనుప రేకుల దిమ్మ) బిగించేటప్పుడు ఇంగ్లీషు E అక్షరం ఆకారం రేకులన్నీ ఒక వైపు, I ఆకారం రేకులన్నీ మరో వైపు పెట్టేశాను. ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి పేర్చాలట. నా పద్ధతిలో అతుకు దగ్గర సన్నని గాలి ఖాళీ మిగిలింది. ఎంతని? కాగితం మందం కూడా ఉండదు. కానీ లెక్క చూస్తే కళ్లు తిరిగాయి: పర్మియబిలిటీ (ఫ్లక్స్‌ను, అంటే అయస్కాంత ప్రవాహాన్ని, ఇనుము గాలి కంటే ఎన్ని రెట్లు సులువుగా పోనిస్తుందో ఆ సంఖ్య) 4000 అనుకుంటే 200 మిల్లీమీటర్ల ఇనుము దారి 0.05 మిల్లీమీటర్ల గాలితో సమానం. మొత్తం ఖాళీ 0.1 ఉన్నా రిలక్టెన్స్ (ఫ్లక్స్‌కు ఎదురయ్యే అడ్డు) మూడింతలు. వోల్టేజీ మారలేదు కాబట్టి ఫ్లక్స్ మారదు, దాన్ని నడపడానికి కరెంటే పెరగాలి.

నన్ను తికమక పెట్టింది వాట్‌మీటర్. కరెంటు మూడింతలైనా 2.4 వాట్లు 3.1 అయ్యాయంతే. పెరిగింది కోర్‌లో ఫ్లక్స్ నడిపే మాగ్నెటైజింగ్ కరెంటు కదా, అది వోల్టేజీ కంటే వెనకబడి ఉంటుంది కాబట్టి వాట్లు దాదాపు తినదు, అందుకే. కోర్‌లో వేడిగా పోయే హిస్టెరిసిస్, ఎడ్డీ నష్టాలు అలాగే ఉన్నాయి, ప్రైమరీ రాగి నష్టం మాత్రం కాస్త పెరిగింది.

రేకులు విప్పి మళ్లీ పేర్చాను, ఓపిక నశించింది. ఇప్పుడు 33 మిల్లీ ఆంపియర్లు. హమ్ (ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనే శబ్దం) తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.