చందాలేసుకుని మనమే గుంతలు పూడ్చుకోవడం తప్పా?

కాలువగట్టు (కోనసీమ), సోమవారం ఉదయం 7:10
మా ఊరి నుంచి మండల కేంద్రానికి నాలుగు కిలోమీటర్లు. కాలువ గట్టు మీద బీటీ రోడ్డు. ఇప్పుడు తారు కన్నా గుంతలే ఎక్కువ. పది నెలల్లో నాలుగు అర్జీలిచ్చాం. ఒక ఆఫీసులో ‘రోడ్డు మాదే, గట్టు మాది కాదు, వాళ్లు ఒప్పుకోవాలి’ అన్నారు. రెండో ఆఫీసులో ‘గట్టు మాదే, దాని మీద రోడ్డుతో మాకు సంబంధం లేదు’ అన్నారు.
నిన్న ఇంటికి రెండొందలు వేసుకుని, ఒక ట్రాక్టరు కంకర, రెండు ట్రాక్టర్ల క్రషర్ డస్టు (రాతి పొడి) తోలించి 23 గుంతలు పూడ్చాం. పద్నాలుగు మందిమి, పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. ఫొటోలు కింద పెట్టాను. ఊరి గ్రూపులో సగం మంది మెచ్చుకున్నారు. మిగతా సగం ‘మీరే చేసుకుంటే ఇక జన్మలో ఎవరూ రోడ్డు వేయరు’ అని తిట్టారు. రాత్రంతా నిద్ర పట్టలేదు. మేం చేసింది తప్పా?

లక్ష్మీటీచర్, 7:32
తప్పెలా అవుతుంది బాబూ? నేను రోజూ ఆటోలో బడికెళ్తాను. సాయంత్రానికి నడుం పట్టేస్తోంది. హైదరాబాద్‌లో రైల్వేలో రిటైరైన గంగాధర్ తిలక్ గారు, ఆయన భార్య వెంకటేశ్వరి గారు పదేళ్లకు పైగా తమ కారులో సామాను పెట్టుకుని గుంతలు పూడుస్తున్నారు. వాళ్లను తప్పు పడతామా?

ఉప్పల్‌వాసి, 8:05
తప్పే. మొహమాటం లేకుండా చెబుతున్నాను.
బండి కొన్నరోజే లైఫ్ ట్యాక్స్ కట్టాం. పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ పన్ను కడుతున్నాం. మీ ఆంధ్రలో 2020 సెప్టెంబరులో రోడ్ల అభివృద్ధి పేరుతోనే లీటరుకు రూపాయి సెస్సు వేశారు. మీరు నిన్న వేసుకున్న రెండొందలు అదే రోడ్డుకు ఇంకోసారి కట్టిన పన్ను. తిలక్ గారంటే నాకు గౌరవం. కానీ పింఛను డబ్బుతో ఒక పెద్దాయన పదేళ్లు గుంతలు పూడ్చాల్సి రావడం నగరానికి సిగ్గుచేటు. ఆయనకు దండ వేసి చేతులు దులుపుకున్నారు.
2013 నుంచి 2017 వరకు ఐదేళ్లలో దేశంలో గుంతల వల్ల 14,926 మంది చనిపోయారని 2018లో సుప్రీంకోర్టు ముందుకు లెక్క వచ్చింది. ఇది పార పట్టుకుంటే తీరే సమస్య కాదు.

రోలర్ (వరంగల్), 8:40
నేను రోడ్ల పనిలో సైట్ ఇంజినీరుని. తప్పా ఒప్పా తర్వాత. కంకర సైజు ఎంత? 40 ఎంఎం ఒక్కటే వేశారా, 20 కూడా కలిపారా? గుంతలో నీళ్లు తోడేశారా? దేనితో దిమ్మిస చేశారు?

కాలువగట్టు, 9:02
40 ఎంఎం. నీళ్లు బకెట్లతో తోడాం. దిమ్మిస ఏముంది సార్, పైన డస్టు పోసి ట్రాక్టరుతోనే నాలుగుసార్లు తొక్కించాం.

రోలర్, 9:25
అయితే ఉండదు. చెప్పడానికి బాధగానే ఉంది. గుంత అంచులు చతురస్రంగా కోయాలి. లోపల దుమ్ము, తడి లేకుండా చేసి ట్యాక్ కోట్ కొట్టాలి, అంటే కొత్త పొర అంటుకునేలా పల్చగా తారు పూయాలి. తారు కలిపిన వేడి కంకర మిక్స్ వేసి అది చల్లారకముందే రోలర్ తిప్పాలి. తడి గుంతలో తారు పోస్తే రాయికి అంటదు. నీళ్లు మధ్యలో చేరి తారునీ రాయినీ విడదీస్తాయి. వానాకాలంలో వేసిన ప్యాచ్ నెల తిరక్కుండా లేచిపోయేది అందుకే. ఉత్త డస్టయితే మొదటి వానకే బురద.

కువైట్‌బాబాయ్, 9:31
మాదీ ఆ పక్క ఊరే తమ్ముడూ. ఐదు వేలు పంపుతాను. నంబరు మెసేజ్ చెయ్యి.

ఉప్పల్‌వాసి, 9:50
చూశారా, అప్పుడే కువైట్ నుంచి డబ్బులు వస్తున్నాయి. అక్కడ ఎండలో కష్టపడి పంపిన డబ్బు ఇక్కడ గుంతలో పోయాలా? అడగాల్సిన వాళ్లను అడగండి. ఉప్పల్ నుంచి నారపల్లి ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది. ఏళ్ల తరబడి ఆ కింద రోడ్డు మీద జనం పడిన అవస్థ ఈ పక్కన అందరికీ తెలుసు. ధర్నాలు చేశాకే కదలిక వచ్చింది.

కాలువగట్టు, 10:15
మీకు ధర్నా చేస్తే టీవీ వాళ్లు వస్తారు సార్. మా గట్టు మీద పద్నాలుగు మంది కూర్చుంటే గేదెలు కూడా ఆగవు. 2024 నవంబరులో గుంతలు లేని రోడ్ల కార్యక్రమమని మొదలుపెట్టి సంక్రాంతిలోపు పూర్తి చేస్తామన్నారు. మా పక్క మెయిన్ రోడ్డు నిజంగానే బాగుపడింది, కాదనను. మా గట్టు రోడ్డు ఆ లిస్టులోనే లేదట.

రోలర్, 10:40
ఫొటో పెద్దది చేసి చూశాను. మీ రోడ్డు మార్జిన్లు రోడ్డు కన్నా ఎత్తుగా ఉన్నాయి. గడ్డి పెరిగి, మట్టి పేరుకుని కట్టలా అయింది. వాన నీరు కాలువలోకీ పోదు, తోటలోకీ పోదు, రోడ్డు మీదే నిలుస్తుంది. మీది డెల్టా నేల, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీట వారుతుంది. దాని మీద ఇసుక లారీ వెళ్తే కింద పొర కూర్చుంటుంది. మీ అసలు సమస్య తారు కాదు, నీళ్లు పోయే దారి లేకపోవడం. మార్జిన్ చెక్కించండి.
ఇంకో మాట. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డయితే వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు చూసుకోవాలి. రోడ్డు మొదట్లో బోర్డు ఉంటుంది, తేదీ చూడండి. వాళ్లెందుకు రారో కూడా చెబుతాను. ఎస్టిమేటు కన్నా బాగా లెస్‌కు టెండరు వేసి పని పట్టుకుంటారు. తర్వాత బిల్లులు ఆగుతాయి. పోయిన ఏడాది నాకే మా కంపెనీ ఐదు నెలలు జీతం ఇవ్వలేదు. అలాంటప్పుడు గుంత పూడ్చడానికి ఎవరు మనిషిని పంపుతారు?

కాలువగట్టు, 11:05
బోర్డు ఉంది, అక్షరాలు లేవు సార్. తుప్పు పట్టిపోయింది.

ఉప్పల్‌వాసి, 11:20
ఇంతకీ నాలుగో ఫొటోలో మీ వెనక ఫ్లెక్సీ కనిపిస్తోంది. అది ఎవరిది? ఎన్నికల ముందు ఇలాంటి శ్రమదానాలు చాలా చూశాం. పార పట్టుకుని ఫొటో దిగడం, తర్వాత మాయమవడం.

కాలువగట్టు, 11:28
అది వినాయక చవితి కమిటీ ఫ్లెక్సీ. ఏ పార్టీదీ కాదు.
ఫొటో కోసం అన్నారు కాబట్టి చెబుతున్నాను. జూన్‌లో మా పెదనాన్నకు రాత్రి పదకొండింటికి ఆయాసం వచ్చింది. 108 వచ్చింది. నాలుగు కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టింది. జోరుగా పోనిస్తే ఆయన స్ట్రెచర్ మీద నుంచి ఎగిరిపడుతున్నాడు, నెమ్మదిగా పోతే ఊపిరి అందట్లేదు. డ్రైవరు ఏడుపు మొహంతో ‘ఏం చెయ్యమంటారు చెప్పండి’ అని నన్నే అడిగాడు. పెదనాన్న బతికాడు. కానీ ఆ నలభై నిమిషాలు నేను మర్చిపోలేను. మీరు నాకు సెస్సు లెక్కలు చెబుతున్నారు. నాకు ఈ రోజు రాత్రి ఆ రోడ్డు కావాలి.

లక్ష్మీటీచర్, 11:35
ఉప్పల్‌వాసి గారూ, ఆ అబ్బాయిని అలా అనడం బాగాలేదు.

ఉప్పల్‌వాసి, 12:10
ఫ్లెక్సీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోను.
పోయిన ఏడాది మా కాలనీ కుర్రాళ్లు కూడా ఇలాగే మంచి మనసుతో పూడ్చారు. ఇల్లు పడగొట్టిన చెత్త, దాని మీద ఎర్రమట్టి. నేనూ వెయ్యి రూపాయలిచ్చాను. వారానికి వాన పడింది. గుంత ఉన్నప్పుడు మా అమ్మ దాన్ని చూసి పక్కనుంచి నడిచేది. పూడ్చాక నేల చదునుగా కనిపించి కాలు వేసింది. మడమ దాకా దిగబడి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది. ఇప్పటికీ వాకర్ లేకుండా బాత్రూంకి వెళ్లలేదు.
ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే అక్కడున్న అధికారి మొబైల్‌లో ఫొటో చూసి ‘ఇక్కడ గుంత లేదు కదండీ, మీ వాళ్లే మట్టి పోశారు, వాళ్లను అడగండి’ అన్నారు. నేను ఎవర్ని అడగాలి? వెయ్యి రూపాయలిచ్చిన నన్నా? ఆ మట్టి పోసిన పిల్లల్లో మా తమ్ముడి కొడుకు కూడా ఉన్నాడు. వాడు ఇప్పటికీ మా ఇంటికి రాడు.
అందుకే చెబుతున్నాను. గుంత పూడ్చిన మరుక్షణం అది మీ గుంత అవుతుంది.

కువైట్‌బాబాయ్, 12:18
అయ్యో. అమ్మగారు ఎలా ఉన్నారిప్పుడు?

కాలువగట్టు, 12:40
సార్, ఈ మాట పొద్దునే చెప్పి ఉంటే నేనలా విరుచుకుపడేవాణ్ని కాదు. క్షమించండి.
అయినా నాకు ఒకటి అర్థం కావట్లేదు. పూడ్చకుండా వదిలేస్తే ఎవరైనా పడితే అది ఎవరి తప్పు? మా కళ్ల ముందే రోజూ పడుతున్నారు.

ఉప్పల్‌వాసి, 1:05
రోడ్డు చూసుకోవాల్సిన వాళ్ల తప్పని కాగితం మీద ఉంటుంది. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు గుంత వల్ల చనిపోతే ఆరు లక్షలు, గాయపడితే యాభై వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వాలని చెప్పింది. మహారాష్ట్రలో చెప్పిందే అయినా దారి అది. గుంత చెరిపేస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

కాలువగట్టు, 1:15
కాగితం మీద ఉండడానికి ఎవరో ఒకరు పడాలి కదా సార్. ఆ పడేది మా ఊరి మనిషే అవుతాడు. నేను ఒప్పుకోలేను.

రోలర్, 1:50
ఇద్దరికీ ఒకటే చెబుతాను. పూడ్చే ముందు ప్రతి గుంతలో టేపు పెట్టి పొడవు, వెడల్పు, లోతు కనిపించేలా ఫొటో తీయండి. తేదీ రాసి రెండు ఆఫీసుల్లోనూ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద ఆ రోడ్డు ఎవరిది, చివరిసారి ఎప్పుడు వేశారు, గ్యారంటీ ఎప్పటిదాకా అని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ చేర్చారు. నాసిరకం రోడ్డు వల్ల ప్రాణం పోయినా, ఎవరైనా వికలాంగులైనా బాధ్యులకు లక్ష దాకా జరిమానా. అర్జీలో ఆ సెక్షన్ రాయండి, చదివేవాడు రెండోసారి చదువుతాడు.

ఉప్పల్‌వాసి, 2:10
నకలు ఉన్నా మా అమ్మ కాలు దిగబడేది.

రోలర్, 2:14
అవునండీ. అందుకే డస్టు వద్దని పొద్దున్నుంచీ అంటున్నాను.

కాలువగట్టు, బుధవారం ఉదయం 6:20
రాత్రి పెద్ద వాన. 23లో 9 లేచిపోయాయి, డస్టంతా కొట్టుకుపోయింది. రోలర్ గారన్నట్టే, ఆ తొమ్మిదీ మార్జిన్ ఎత్తుగా ఉన్న చోటే. తూము దగ్గర నీళ్లు పోయే వాలు ఉంది, అక్కడివన్నీ నిలబడ్డాయి. ఈ ఆదివారం డస్టు తోలించం. పారలతో మార్జిన్ చెక్కుతాం. బాబాయ్ గారూ, డబ్బు ఇప్పుడే పంపకండి. టేపు కొన్నాం, కొలతలు రాస్తున్నాం.

ఉప్పల్‌వాసి, 6:45
ఆ తొమ్మిది చోట్లా నీళ్లు నిండి ఉంటాయి, చదునుగా కనిపిస్తాయి. ముందు వాటి దగ్గర ఏదైనా గుర్తు పెట్టండి. బడి పిల్లల టైం అవుతోంది.

కాలువగట్టు, 7:30
పెట్టాం సార్. కొబ్బరిమట్టలు గుచ్చి ఎర్ర గుడ్డ కట్టాం. తొమ్మిదింటికీ.