వీఆర్ సలహా మండలిలో కూర్చుంటే మన పిల్లలకు ఒరిగేదేమైనా ఉందా?

గుంటూరు అమ్మ
అందరికీ నమస్కారం. మేము అమెరికా వచ్చి 17 ఏళ్లయింది. మా అబ్బాయికి ఆటిజం, ఇప్పుడు 19 ఏళ్లు. ఇంకా స్కూల్ సర్వీసులు నడుస్తున్నాయి కానీ 22 వచ్చేసరికి అవన్నీ ఆగిపోతాయి, ఆ తర్వాత ఏంటన్న టెన్షన్ నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదు. మొన్న వాడి ట్రాన్సిషన్ టీచర్, అంటే స్కూల్ తర్వాతి జీవితానికి సిద్ధం చేసే టీచర్, ఒక మాట చెప్పింది. మా రాష్ట్రంలో వొకేషనల్ రిహాబిలిటేషన్, అదే మనం వీఆర్ అంటాం కదా, వికలాంగులకు ఉద్యోగం దొరికేలా సాయం చేసే ప్రభుత్వ శాఖ, దాని సలహా మండలిలో ఖాళీలున్నాయట, దరఖాస్తు పెట్టమంది. రాష్ట్రం మొత్తంలో వికలాంగులకు ఎలాంటి ఉద్యోగ సేవలు కావాలో మూడేళ్లకోసారి అంచనా వేస్తారట, ఆ పని వీఆర్ శాఖ, ఈ మండలి కలిసి చేయాలట, ఈ ఏడాది మళ్లీ మొదలవుతోంది. మా ఆయనేమో "ఆ మీటింగులకి తిరిగే టైములో వాడికి బస్సెక్కడం నేర్పించు" అంటున్నారు. ఆయన మాటలోనూ నిజం ఉందనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పెన్నా ఒడ్డు
అమ్మా, మీ ఆయన చెప్పిందే కరెక్ట్. మా అమ్మాయి కేసు చెప్తాను. వీఆర్ సేవలకి దరఖాస్తు పెట్టాక అర్హత ఉందో లేదో 60 రోజుల్లో తేల్చాలి, తేల్చాక 90 రోజుల్లో ఉద్యోగ ప్రణాళిక రాయాలి, ఇది చట్టం. మాకు మొదటిదానికే నాలుగు నెలలు దాటింది, ఈలోపు ముగ్గురు కౌన్సెలర్లు మారారు, వచ్చిన ప్రతి కొత్తాయనకీ పాప కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి. అప్పుడు నేను మండలి మీటింగుకి వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడాను. శ్రద్ధగా విన్నారు, థాంక్స్ చెప్పారు, అంతే. వాళ్ల చేతిలో డబ్బు లేదు, కౌన్సెలర్‌ని వేసే అధికారం లేదు, నా కూతురి ఫైలు తెరిచి చూసే హక్కు కూడా లేదు. చివరికి పని చేసింది క్లయింట్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, వీఆర్‌తో ఇబ్బంది వస్తే మన తరఫున నిలబడేది. అది ప్రతి రాష్ట్రంలోనూ ఉంటుంది, ఉచితం, వాళ్లు ఉత్తరం రాసిన తర్వాతే ప్రణాళిక మీద సంతకం అయింది. ఇక ఆ అవసరాల రిపోర్టు అంటారా, మాది పూర్తిగా చదివాను. రవాణా లేదు, కౌన్సెలర్లు నిలవడం లేదు, కంపెనీల వాళ్లకి అవగాహన లేదు. ఇది తెలుసుకోవడానికి సర్వే కావాలా? మనలో ఏ తల్లినడిగినా చెబుతుంది.

ఓరుగల్లు వనిత
అన్నా, మీ బాధ నిజం, దాన్ని కాదనను. కానీ నేను ఒక టర్మ్, అంటే మూడేళ్లు, మండలిలో పనిచేశాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. మండలి పని ఒక్కో కేసు తేల్చడం కాదు, అందుకే మీ మూడు నిమిషాలు అక్కడే ఆగిపోయాయి. దానికున్న బలం వేరే చోట ఉంది. 1973 రిహాబిలిటేషన్ చట్టం ప్రకారం మండలి ఇచ్చిన సలహాల్ని శాఖ తన రాష్ట్ర ప్రణాళికలో చూపించాలి, ఏదైనా సలహాను తోసిపుచ్చితే ఎందుకు తోసిపుచ్చామో కారణం కూడా అందులోనే రాయాలి. మీరూ నేనూ ఎన్ని ఈమెయిళ్లు పెట్టినా ఆ బాధ్యత వాళ్లకి రాదు.

నా అనుభవం ఒకటి. మా అప్పటి సర్వేని కేసు నడుస్తున్నవాళ్లకే పంపబోయారు. ఉద్యోగం రాకుండానే కేసు మూతపడినవాళ్లని కూడా అడగాలని నేను పట్టుబట్టాను. అడ్రసులు మారిపోయుంటాయి, ఖర్చు ఎక్కువ, జవాబులు రావు అన్నారు. రెండు మీటింగులు దాని మీదే నడిచాయి, చివరికి ఒప్పుకున్నారు. జవాబులు తక్కువే వచ్చాయి, నిజమే, కానీ అవి పూర్తిగా వేరే రకం. కేసు నడుస్తున్నవాళ్లు "ఇంకొంచెం ట్రైనింగ్ కావాలి" అన్నారు. మూతపడినవాళ్లేమో "ఫోన్ ఎత్తేవాళ్లు లేక మానేశాం", "సాయంత్రం షిఫ్టు ఇచ్చారు, ఆ టైములో బస్సు లేదు" అని రాశారు. ఇప్పుడు చెప్పండి, ఎవరిని అడగాలో నిర్ణయించే దగ్గర మనిషి ఉండాలా వద్దా?

చక్రాల కుర్చీ
నేను తల్లిదండ్రుల వైపు నుంచి రాయడం లేదు. నేనే వీల్‌చైర్ వాడతాను, పుట్టింది రాజమండ్రిలో, ఇప్పుడు ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. కారుని చేత్తో నడిపే పరికరాలకి వీఆర్ డబ్బు కట్టింది, అది లేకపోతే ఈ ఉద్యోగం లేదు. ఈ చర్చలో ఒక మాట ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. మండలి సభ్యుల్లో సగానికి పైగా వికలాంగులే ఉండాలి అని చట్టంలో ఉంది, ఊరికే పెట్టలేదు. మన తెలుగు గ్రూపుల్లో వైకల్యం అనగానే అమ్మానాన్నలే మాట్లాడతారు, ఆ వ్యక్తి పక్కనే కూర్చుని ఉంటాడు, ఎవరూ అడగరు. మా ఇంట్లో నాకు పాతికేళ్లు వచ్చేదాకా ఇదే పరిస్థితి. మండలికి వెళ్లాల్సింది మీరా, మీ అబ్బాయా అని ఒక్కసారి ఆలోచించండి మేడమ్. కోపంగా అనడం లేదు.

గుంటూరు అమ్మ
మీ మాట గుచ్చుకుంది తమ్ముడూ, గుచ్చుకోవాల్సిందే. మావాడు నోటితో నాలుగైదు మాటలే అంటాడు, టాబ్లెట్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడతాడు. గంటన్నర మీటింగులో కూర్చోలేడు. వాడికి ఏం ఇష్టమో నాకు తెలుసు అనే ఇన్నాళ్లూ అనుకున్నాను. పోయిన నెల స్కూల్ వాళ్లు గ్రోసరీ షాపులో పని చేయించి చూస్తే, నేను భయపడ్డ క్యాష్ కౌంటర్ హడావిడిలో వాడు హాయిగా ఉన్నాడట, నేను సరిపోతుందనుకున్న గోడౌన్ పని మాత్రం వద్దని నొక్కాడట.

ఓరుగల్లు వనిత
అక్కా, తమకోసం తాము మాట్లాడలేనివాళ్ల తరఫున తల్లిదండ్రులు కూడా రావచ్చని అదే చట్టం చెబుతుంది. మెజారిటీ వికలాంగులు, వాళ్లతోపాటు మనం. రెండూ కావాలి. ఇంకో మాట, ఆ షాపు పని లాంటివి ప్రీ ఎంప్లాయ్‌మెంట్ ట్రాన్సిషన్ సర్వీసుల కింద వస్తాయి, అంటే చదువుకుంటుండగానే ఉద్యోగానికి సిద్ధం చేసే సేవలు. 2014లో వీఆర్ నియమాల్ని మార్చిన చట్టం వచ్చాక వీఆర్‌కి వచ్చే ఫెడరల్ గ్రాంటులో కనీసం 15 శాతం వైకల్యం ఉన్న స్కూల్ పిల్లల ఈ సేవల కోసమే పక్కన పెట్టాలి. వీఆర్‌లో దరఖాస్తు పెట్టకముందే కూడా అడగొచ్చు. చాలామంది మనవాళ్లకి ఇది తెలియదు.

పెన్నా ఒడ్డు
సరే, సర్వే ఎవరికి వెళ్లాలన్న దగ్గర మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఒక ప్రశ్నకి జవాబు చెప్పండి. మండలిలో సేవలమ్మే సంస్థల ప్రతినిధికి కూడా కుర్చీ ఉంటుంది. అంచనాలో తేల్చాల్సిన అంశాల్లో ఒకటి ఏమిటి? అలాంటి సంస్థల్ని కొత్తగా పెట్టాలా, ఉన్నవాటిని పెంచాలా అన్నది. వీఆర్ డబ్బుతో నడిచే సంస్థ మనిషి అక్కడ కూర్చుని "అవసరం ఉంది" అంటే దాన్ని అవసరం అనాలా, వ్యాపారం అనాలా? మా అమ్మాయికి జాబ్ కోచ్‌ని, అంటే పక్కనుండి పని నేర్పే మనిషిని, పంపిన సంస్థ వారానికి ఒక గంట వచ్చి రెండు గంటలు రాసుకుంది. మళ్లీ అలాంటివాళ్లే అవసరాలు లెక్క కట్టాలా?

ఓరుగల్లు వనిత
తమకు లాభం వచ్చే విషయం మీద సభ్యులు ఓటు వేయకూడదు. అయినా మాట్లాడకుండా ఆపలేం, అది నేను చూశాను. అందుకే ఆ గదిలో మీలాంటివాళ్లు ఉండాలి అంటున్నాను.

కాకినాడ నాన్న
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మీరందరూ లెక్కలోకి వచ్చినవాళ్ల గురించి మాట్లాడుతున్నారు. మా అమ్మాయికి వినపడదు, 20 ఏళ్లు, హెచ్4 మీద, అంటే వర్క్ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద ఉంది. గ్రీన్‌కార్డ్ వరుసలో మేం ఎక్కడున్నామో దేవుడికే తెలియాలి. 21 నిండితే ఆ వీసా కూడా పోతుంది. దానితో పని చేసే అనుమతి లేదు, అనుమతి లేదు కాబట్టి వీఆర్ గడప తొక్కలేదు, తొక్కలేదు కాబట్టి ఏ సర్వేలోనూ లేదు. సేవలు అందనివాళ్ల అవసరాలు, మైనారిటీల అవసరాలు ప్రత్యేకంగా చూడాలని అంచనా నియమాల్లో ఉందని చదివాను. చూడడానికి ముందు మేమున్నామని తెలియాలి కదా. తెలుగులో ఒక్క ప్రశ్న వచ్చినా మా ఆవిడ జవాబు రాసేది.

మెహదీపట్నం మిత్ర
హైదరాబాద్ నుంచి రాస్తున్నాను, వికలాంగుల హక్కుల పనిలో ఉన్నాను. మీ చర్చ చదువుతుంటే మా పరిస్థితి గుర్తొచ్చింది. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇక్కడా రాష్ట్ర సలహా మండలి ఉండాలి, ఆరు నెలలకోసారైనా కూర్చోవాలి, అధ్యక్షుడు సంబంధిత మంత్రి. మీ దగ్గర మండలి ఏడాదికి కనీసం నాలుగుసార్లు, అదీ అందరూ వచ్చి చూసేలా కూర్చోవాలి. ఈ తేడా చిన్నదేం కాదు.

లెక్కల సంగతి చూడండి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 2.68 కోట్ల మంది వికలాంగులు అని తేలింది. అప్పుడు అడిగింది ఎనిమిది రకాలుగా, 2016 చట్టం గుర్తించినవేమో 21. ఆటిజానికి అప్పటి ఫారంలో విడిగా గడే లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ కోసం పోరాడతాం, పోరాడాలి కూడా, కానీ ఏ జిల్లాలో ఎంతమందికి ఏ పని వచ్చు, ఏ సాయం ఉంటే చేయగలరు అన్నది పట్టుకుని కూర్చునే మీటింగ్ నేను చూడలేదు. మా దగ్గర మాటంతా పెన్షన్ దగ్గరే తిరుగుతుంది, తెలంగాణలో 4,016, ఆంధ్రలో 6,000 అని. పెన్షన్ కావాలి, అందులో అనుమానం లేదు. అయితే మా ఆఫీసుకి వచ్చే పాతికేళ్ల కుర్రాడు ముందు అడిగేది "అన్నా, ఏదైనా పని చూపించు" అనే. మూడేళ్లకోసారి తప్పనిసరిగా అడగాలన్న నియమం మీ చేతిలో ఉంది, దాన్ని వదిలేయకండి.

చక్రాల కుర్చీ
కాకినాడ నాన్న గారూ, మీ విషయం మా మండలి వచ్చే మీటింగులో నేను చదివి వినిపిస్తాను, పేరు లేకుండా. మీ అమ్మాయినే రాయమనండి, ఆమెకి నచ్చిన భాషలో. సైన్ లాంగ్వేజ్‌లో వీడియో పంపినా సరే, ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టమని ముందుగా అడుగుతాను.

గుంటూరు అమ్మ
నిన్న రాత్రి మావాడి టాబ్లెట్‌లో ఒక కొత్త పేజీ పెట్టించాను, పని గురించి, మీటింగ్ గురించి బొమ్మలతో. వాడు ఒప్పుకున్న మాటలే నేను అక్కడ చెబుతాను, మొదటి పది నిమిషాలు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుంటాను. దరఖాస్తు పంపేశాను. నియమించేది గవర్నర్, తీసుకుంటారో లేదో చూడాలి. తీసుకోకపోయినా సర్వేని ఎవరెవరికి పంపుతున్నారు, తెలుగులో ఇస్తారా అని బహిరంగ సభలో అడగబోతున్నాను. మా ఆయన మీటింగు రోజుల్లో వాడితో బస్సెక్కే డ్యూటీ తీసుకున్నారు.

పెన్నా ఒడ్డు
నేను మండలికి రానమ్మా, నాకు ఆ ఓపిక పోయింది. కానీ మా అమ్మాయి దరఖాస్తు తేదీ నుంచి సంతకం తేదీ దాకా అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను, కోచ్ వచ్చిన గంటలతో సహా. అది మీకు పంపిస్తాను, అక్కడ బల్ల మీద పెట్టండి.