పచ్చగా ఉండగానే వాడిపోతున్న టమాటా మొక్కలు, ఏం చేయాలి?

మాది కావలి. పెరట్లో 12 టమాటా మొక్కలు వేస్తే, పిందె పడే వేళకి 4 పోయాయి. ఆకు పసుపెక్కలేదు, మచ్చా లేదు. మధ్యాహ్నానికి తలవాలుస్తుంది, సాయంత్రం తేరుకుంటుంది, మూడో రోజుకి ఇక లేవదు. నీళ్లు చాలలేదేమోనని రెండు పూటలా పోశాను, అదే తప్పయిందేమో. నిన్న ఒకటి పీకి, కాండం కోసి గ్లాసు నీళ్లలో నిలబెట్టాను. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి ధార కిందికి జారింది. ఇది బ్యాక్టీరియా ఎండు తెగులేనా? పోయినేడు అదే మడిలో వంగ కూడా ఇలాగే పోయింది. మిగిలిన 8 మొక్కలనైనా కాపాడుకోవాలండీ, మా అమ్మ పొద్దున లేస్తూనే వాటి దగ్గరికే పోతుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి మొదళ్లలో పోస్తే ఆగుతుందా? వచ్చేసారి ఆ మడిలో మొక్కజొన్న వేయమంటారా? చేసి చూసినవాళ్లు చెప్పండి.