మరకలున్న హన్నా గ్లాస్ పుస్తకం: కడిగించి బైండింగ్ చేయించాలా?

యార్క్_వంటిల్లు:
ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక వేలంలో హన్నా గ్లాస్ వంటల పుస్తకం కొన్నాను. 1747 నాటి మొదటి ముద్రణ కాదు, తర్వాతిది. అట్టలు ఊడాయి. 'ఇండియా పద్ధతి' కర్రీ ఉన్న పేజీలో పసుపు మరక, అంచున ఎవరిదో చేతిరాత. కాగితాలు కడిగి కొత్త తోలు బైండింగ్ వేస్తానని బైండర్ అంటున్నాడు. వేయించనా?

పాతతోలు:
వద్దండీ. నేను 1861 నాటి మిసెస్ బీటన్ వంటల పుస్తకానికి అలాగే చేయించాను. అమ్మబోతే పాత అట్టలేవని అడిగారు. బైండర్ పారేశాడు. నేను పెట్టిన డబ్బులో సగం కూడా రాలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

చింతనిప్పు:
అసలది పసుపేనా? తేమ తగిలితే పాత కాగితం తనంతట తానే పచ్చబడుతుంది. 1747 ముద్రణలో ఆ కూరకి పసుపే లేదు. 30 మిరియాలు, బియ్యం, శుభ్రమైన పార మీద వేయించిన ధనియాలు, అంతే.

పాతతోలు:
ఆయనది తర్వాతి ముద్రణ అని మొదటే చెప్పారు కదా! వాటిలో పసుపు, అల్లం ఉన్నాయి.

కొత్తసభ్యుడు:
ఫోటో పెట్టండి సార్.

చింతనిప్పు:
ఉన్నంత మాత్రాన మరక పసుపుదే అవుతుందా?

యార్క్_వంటిల్లు:
నేనడిగింది బైండింగ్ గురించండీ.

పాతతోలు:
మరక తేలకుండా కడిగించడం ఎలా? పసుపైతే ఆ కూర ఎవరో నిజంగా వండారన్నమాట. వంటకి కావాలంటే 1983లో వచ్చిన నకలు ముద్రణ కొనుక్కోండి.

చింతనిప్పు:
అదీ మీ అసలు సంగతి! పనివాళ్లకి అర్థమయ్యేలా రాశానని హన్నా గ్లాస్ ముందుమాటలోనే చెప్పింది. మీరేమో పెట్టెలో దాస్తారు. మా అమ్మ పచ్చళ్ల నోటుబుక్కు అలాగే ముట్టుకోవద్దని మా అన్నయ్య పెట్టెలో పెట్టాడు. చెదలు తినేశాయి. బైండ్ చేయించి వాడుకుంటే ఈరోజు మా ఇంట్లో ఉండేది.

పాతతోలు:
మీ అమ్మగారి పుస్తకం పోవడం నిజంగా బాధాకరమండీ. కానీ కడిగితే ఈ చేతిరాత సిరా కూడా పోవచ్చు. అంచున అలా రాసినవాళ్ల గుర్తుగా ఇంకేం మిగులుతుంది?

యార్క్_వంటిల్లు:
ఇప్పుడే భూతద్దంతో చదివాను. 'మిరియాలు సగం చాలు' అని ఉంది. కడిగించను. పాత అట్టలే ఉంచి, వెన్ను మాత్రం కుట్టిస్తాను.

చింతనిప్పు:
కుట్టించాక ఆ కూర వండండి. సగం మిరియాలతోనే.