ఒకటీ అరా పిడుదుల్ని వదిలేస్తే కుక్కకి ఇమ్యూనిటీ వస్తుందా?

మణికొండ_ల్యాబ్
మాది ఏడాదిన్నర ల్యాబ్రడార్ కుక్క, 28 కిలోలు. ఆస్ట్రేలియాలో కావాలనే కుక్కలకి పిడుదులు పట్టించి, వాటివల్ల పక్షవాతం రాకుండా ఇమ్యూనిటీ తెప్పిస్తారని చదివా. మనవాడికీ అలా అలవాటు చేయొచ్చా? టీకా ఏమైనా ఉందా?

పశువైద్యం_రాజేంద్రనగర్
వద్దండీ. మీరు చదివింది యాంటీసీరం, అంటే ఆ విషానికి విరుగుడు మందు, తయారీ గురించి. అక్కడి తూర్పు తీరంలో ఉండే ఇక్సోడెస్ హోలోసైక్లస్ అనే పిడుదు లాలాజలంలోని విషం వల్ల నరాల సంకేతం కండరానికి అందదు. సీరం కోసం పెంచే కుక్కలకి మొదట కొద్దిగా, తర్వాత పెంచుకుంటూ ఆ పిడుదుల్ని పట్టించి, వాటి రక్తంలోంచి సీరం తీస్తారు. పట్టించడం ఆపేస్తే ఆ రక్షణా తగ్గిపోతుంది. టీకా లేదు.

హైదరాబాద్‌లో కుక్కల మీద కనిపించేది ఎక్కువగా గోధుమరంగు పిడుదు, రైపిసెఫాలస్. దీంతో అసలు భయం అది కుట్టినప్పుడు రక్తంలోకి ఎక్కించే జబ్బులు, ఎర్లిచియా, బాబీసియా. ఎర్లిచియా ఒకసారి వచ్చి తగ్గినా మళ్ళీ రావచ్చు, కాబట్టి "అలవాటు" అన్న మాటే లేదు.

పిడుదుల్ని చంపడానికి బిళ్ళలున్నాయి: 28 కిలోలకి ఫ్లూరలానర్ 1000 మి.గ్రా. బిళ్ళ 12 వారాలకోసారి, లేదా అఫాక్సొలానర్ 136 మి.గ్రా. నెలకోసారి. ఫ్లూరలానర్ అన్నంతోపాటే పెట్టండి, ఖాళీ కడుపున సరిగ్గా ఒంటబట్టదు. ఫిట్స్ ఉన్న కుక్కైతే ముందే డాక్టర్‌కి చెప్పాలి. పిడుదు కుట్టాకే మందు దానికి ఎక్కుతుంది. బిళ్ళ వేశాక కూడా ఒకటి రెండు కనిపిస్తే "పనిచేయలేదు" అని రెండోది వేసేయకండి.

గోమారి_వేటగాడు
సగం యుద్ధం గోడల్లో ఉంది. రక్తం తాగిన ఆడ పిడుదు కిందపడి, గోడెక్కి, పగుళ్ళలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పెద్ద పిడుదు ఏమీ తాగకుండా నెలల తరబడి బతుకుతుంది. ముందు బాల్కనీ మూలలు, స్కర్టింగ్ వెనక సందులు సిమెంటుతో మూసేయండి. తర్వాత పిడుదుల మందు స్ప్రే చేయించండి. స్ప్రే గుడ్ల మీద అంతగా పనిచేయదు, అందుకే రెండు మూడు వారాలకి మళ్ళీ కొట్టించాలి.

మణికొండ_ల్యాబ్
ఇంట్లో పిల్లి కూడా ఉంది, పర్వాలేదా?

గోమారి_వేటగాడు
పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నదేదీ వాడొద్దు. పిల్లి ప్రాణం పోతుంది.

పశువైద్యం_రాజేంద్రనగర్
పీకేటప్పుడు ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగండి. కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు. వేళ్ళతో నలపొద్దు.

వెనక కాళ్ళు తడబడినా, అరుపు మారినా (పక్షవాతం గుర్తులు) చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, కాలర్ కింద, తోక కింద వెతికి అన్నీ తీసేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. దారిలో నీళ్ళు కూడా పట్టొద్దు, మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిగుళ్ళు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా సీబీసీ (రక్తకణాల లెక్క), బ్లడ్ స్మియర్ (రక్తం చుక్కని మైక్రోస్కోప్‌లో చూడటం) చేయించండి. ఎర్లిచియా అని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు వాడాలి, మూడో రోజుకి జ్వరం తగ్గిందని ఆపేస్తే తిరగబెడుతుంది. డాక్సీ వేసినా కుక్క లేవలేదంటే బాబీసియా కూడా ఉందేమో చూడమని అడగండి, దానికి మందు వేరు.