అప్‌డేట్: ఫ్యాక్టరీలో క్రెష్‌కి యాజమాన్యాన్ని ఒప్పించడం ఎలా అని అడిగాను, ఒప్పుకున్నారు

జీడిమెట్లలో మా కుట్టు యూనిట్‌కి ప్రసూతి సెలవు తర్వాత టైలర్లు తిరిగి రావట్లేదని, పనివేళల్లో పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టడానికి యాజమాన్యాన్ని ఎలా ఒప్పించాలని హెచ్‌ఆర్‌గా ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పని చేసింది, నష్టం లెక్క రాసి చూపించమన్న సలహానే. క్రెష్ పెట్టాలన్న చట్టం చూపిస్తే మా సార్ "చూద్దాంలే" అన్నారు. మానేసిన మనిషి బదులు కొత్తమ్మాయిని పెట్టుకుంటే కాలర్ కుట్టడం చేతికొచ్చేదాకా అయ్యే జీతం, పాడయ్యే పీసులు, మిగతావాళ్ల ఓవర్‌టైమ్ ఒక కాగితం మీద రాసిచ్చాను. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని చదివారు.

లేబర్ కన్సల్టెంట్ రెండు విషయాలు తేల్చారు. క్రెష్ తప్పనిసరి చేసే 50 మంది లెక్కలో మగవాళ్లూ వస్తారు. సామాజిక భద్రత కోడ్ 2020 ప్రకారం కొన్ని సంస్థలు కలిసి ఒకే క్రెష్ నడపొచ్చు. పక్క యూనిట్‌వాళ్లు కలిశారు, అద్దె సగమైంది. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూడొచ్చన్నది 2017 సవరణ నుంచే ఉంది.

సీసీ కెమెరాలు, ఇంగ్లిష్ రైమ్స్, గోడల మీద బొమ్మలు... వీటి గురించి తల్లులెవరూ అడగలేదు. "రోజూ అదే ఆయమ్మ ఉంటుందా?" అనే అడిగారు. ఏజెన్సీ ఆయాలు మారుతున్నన్నాళ్లూ పిల్లల ఏడుపు, తల్లులకు టెన్షన్. పర్మనెంట్ ఆయాలు వచ్చాక కుట్టు లైన్‌లో పని కుదుటపడింది. మానేసినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు, కటింగ్ మాస్టర్ కూడా కూతుర్ని తెస్తున్నాడు.

పిల్లలకి జ్వరాలొస్తే మాత్రం సెలవులు మామూలే. దానికి క్రెష్ మందు కాదు.