మ్యూనిక్‌లో కొత్త ఉద్యోగం: పబ్లిక్ ఇన్సూరెన్సా, ప్రైవేటా?

అన్నలకు, అక్కలకు నమస్కారం. వచ్చే నెల మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. జీతం లిమిట్ దాటింది కాబట్టి ప్రైవేటు హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోవచ్చని, నెలనెలా బాగా మిగులుతుందని ఒక ఏజెంట్ అంటున్నాడు. మా ఆవిడ, మూడేళ్ల పాప తర్వాత వస్తారు. ఏది తీసుకోమంటారు?

---

తమ్ముడూ, పబ్లిక్‌లోనే చేరు. ఏజెంట్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు, కానీ సగమే చెప్పాడు.

మన ఊళ్లో ప్రభుత్వాసుపత్రులు చూసి వచ్చినవాళ్లం కాబట్టి, పబ్లిక్ అనగానే ఆ క్యూలే కళ్లముందు మెదులుతాయి. ఇక్కడ సంగతి వేరు. టీకే, ఆవోకే, బార్మర్ లాంటివి లాభాపేక్ష లేకుండా నడిచే ఇన్సూరెన్స్ సంస్థలు. 1883లో బిస్మార్క్ హయాంలో మొదలైన పద్ధతి ఇది. జర్మనీలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఇందులోనే ఉన్నారు. జబ్బు చేస్తే అందరూ వెళ్లేది చాలావరకు అవే ఆసుపత్రులకి.

2026లో ఏడాది జీతం 77,400 యూరోలు దాటిన ఉద్యోగులు ప్రైవేటుకు వెళ్లొచ్చు. పబ్లిక్‌లో జీతాన్ని బట్టి కట్టాలి: 14.6 శాతం, దానిపైన ఒక్కో సంస్థకు కొంత అదనం. అందులో సగం కంపెనీ కడుతుంది. నెలకు 5,812.50 యూరోలు దాటిన జీతం మీద ఇక పెరగదు. ప్రైవేటులో జీతం చూడరు, చేరేటప్పటి వయసు, ఆరోగ్యం చూస్తారు. అందుకే ముప్ఫై ఏళ్లవాడికి చవగ్గా కనిపిస్తుంది. కానీ మీ ఆవిడకొక ప్రీమియం, పాపకొక ప్రీమియం. పబ్లిక్‌లో అయితే ఆవిడ ఉద్యోగంలో చేరేదాకా ఇద్దరూ నీ కార్డు కిందే, అదనంగా ఏమీ కట్టక్కర్లేకుండా.

నాకు ఇక్కడే పాప పుట్టింది. అమ్మకు సమయానికి వీసా రాలేదు. పురిటికి పుట్టింటివాళ్లు ఎవరూ లేకుండా ఎలాగా అని ఎంత టెన్షన్ పడ్డానో! డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక మిడ్‌వైఫ్ వచ్చేది. పాప బరువు చూసేది, పాలు పట్టడం నేర్పేది, నా కుట్లు చూసేది, నేను ఏడిస్తే పక్కన కూర్చునేది. మొదటి పది రోజులు రోజూ రావచ్చు, ఆ తర్వాత కూడా మూడు నెలల వరకు అవసరాన్ని బట్టి వస్తారు. ఆవిడకు గానీ, కాన్పుకు గానీ మేం ఒక్క సెంటు కట్టలేదు. నాకు ఈ వ్యవస్థ మీద గౌరవం కలిగింది అప్పుడే. (మిడ్‌వైఫ్‌లు దొరకడం కష్టం. గర్భం అని తెలిసిన వారమే వెతకడం మొదలుపెట్టాలి.)

బాధపెట్టే విషయం కూడా చెప్పాలి. స్పెషలిస్టు అపాయింట్‌మెంట్. చర్మం డాక్టర్ కోసం ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "పబ్లిక్కా, ప్రైవేటా?" పబ్లిక్ అంటే నెలల తర్వాత తేదీ ఇచ్చారు. ఇది అన్యాయమే, నేను సమర్థించను. దీనికో దారి ఉంది. ఫ్యామిలీ డాక్టర్‌ని అడిగి అర్జెంట్ కోడ్ ఉన్న రెఫరల్ (స్పెషలిస్టుకు రాసిచ్చే చీటీ) తీసుకుని, అపాయింట్‌మెంట్లు ఇప్పించే 116117 నంబరుకి ఫోన్ చెయ్యి. నాలుగు వారాల లోపు ఎక్కడో ఒకచోట చూపించాలి, అది రూలు. క్లినిక్ మాత్రం మన ఇష్టం కాదు. మామూలు జ్వరానికి టీ తాగి పడుకోమంటారు, ఇంజెక్షన్ ఇవ్వరు. దానికి పబ్లిక్, ప్రైవేటు తేడా లేదు.

అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి వచ్చే దారి. పబ్లిక్ నుంచి ప్రైవేటుకు నీ జీతం లిమిట్ పైన ఉన్నన్నాళ్లూ మారొచ్చు. అటునుంచి ఇటు రావాలంటే మామూలుగా జీతం లిమిట్ కిందికి పడాలి. వయసు 55 దాటితే తలుపు దాదాపు మూసుకున్నట్టే. మాకు తెలిసిన ఒకాయన పెళ్లికి ముందు ప్రైవేటులో చేరాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు, నలుగురికీ నాలుగు ప్రీమియాలు. ఆయన ముఖం చూస్తే జాలేస్తుంది. ఒంటరిగా వచ్చి, నాలుగైదేళ్లలో తిరిగి వెళ్లిపోయేవాళ్లకు ప్రైవేటు లెక్క సరిపోవచ్చు. నీకు సరిపోదు.

చేరేలోపే ఒక సంస్థ ఎంచుకుని దాని పేరు హెచ్‌ఆర్‌కి చెప్పు. మీ ఆవిడ వచ్చేటప్పుడు పెళ్లి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ తప్పకుండా తెచ్చుకోమను.

---

చాలా థాంక్స్ అక్కా. ఎండాకాలంలో అమ్మానాన్నలను పిలిపిస్తే వాళ్లకు కూడా ఇందులో వస్తుందా?

---

రాదు తమ్ముడూ. విజిటర్ వీసాకు విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి, కనీసం 30,000 యూరోల కవరేజీతో. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులు చాలా పాలసీల్లో ఉండవు, కొనేముందు ఆ పేజీ నువ్వే చదువు. వాళ్లు ఉండే రోజులకు సరిపడా మందులు, డాక్టర్ ఇంగ్లీషులో రాసిన చీటీ వెంట తెచ్చుకోమను. మందుల్ని చెకిన్ సూట్‌కేసులో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోమను.